అడగడానికి తల వంచాలి

లూకా సువార్త 18వ అధ్యాయంలో దేవాలయానికి ప్రార్థన చేయడానికి వెళ్లిన ఇద్దరి ఉపమానం తెలియని క్రైస్తవ కుటుంబం ఉండదు. పరిసయ్యుడు గర్విష్ఠి, సుంకరి దీనుడు అని సండేస్కూల్లోనే నేర్చుకుంటాం. ఈ మధ్య ఆ భాగం మళ్లీ చదువుతూ ఒక సంగతి దగ్గర ఆగిపోయాను. పరిసయ్యుడు అబద్ధమాడాడని ప్రభువు ఎక్కడా అనలేదు. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటున్నానన్నాడు, దశమభాగం ఇస్తున్నానన్నాడు. దేవునికి కృతజ్ఞత కూడా చెప్పాడు. అంత ప్రార్థనలోనూ ఆయన అడిగింది మాత్రం ఏమీ లేదు. అడగవలసిన అవసరం తనకుందని ఆయనకు తోచలేదు. దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకున్న సుంకరి ఒకే ఒక్కటి అడిగాడు, కరుణ. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది అతనే.

దీన మనసుతో ప్రార్థించడం అంటే ఏమిటో నాకు అక్కడ కొంత తెలిసింది. అడిగేవాడే దీనుడు. తన చేతిలో లేనిదేదో ఒప్పుకుని, అది ఎవరి చేతిలో ఉందో వారి ముందు తల వంచేవాడు. మిగతా వినయమంతా ఈ ఒప్పుకోలు నుంచి రావలసిందే.

మన కూటాల్లో వినయపు మాటలకు కొదవ లేదు. అయోగ్యులమంటాం, అపాత్రులమంటాం, ధూళివంటి వారమంటాం. పెద్దల నోట విని నేర్చుకున్న మంచి మాటలే అవి. కానీ నోటికి బాగా అలవాటైన మాట ఒక్కోసారి మనసును తాకకుండానే వెళ్లిపోతుంది. పావుగంట ప్రార్థించి, ఆమేన్ అన్నాక, ఇంతకీ దేవుణ్ని ఏమడిగామని ఎవరైనా అడిగితే చెప్పలేని పరిస్థితి వస్తుంది. ఇంకో అలవాటు కూడా ఉంది. ఈ మధ్య కూటాలకు రాని కొందరి మనసు మార్చమని గట్టిగా ప్రార్థిస్తాం. ఆ కొందరిలో ఒకరు ఆవేళ వెనక వరుసలో కూర్చునే ఉంటారు. ఆ మాట దేవుని కోసం అన్నదా, వెనక కూర్చున్న ఆ మనిషి కోసం అన్నదా? ప్రార్థనలో పక్కవాడి మీదికి చూపు మళ్లిన క్షణాన మనం పరిసయ్యుడి పక్కన నిలబడినట్టే.

యెరికో దారిలో కూర్చున్న బర్తిమయి సంగతి చూడండి. గుడ్డివాడు. జనం కసురుకుంటున్నా ఆగకుండా కేకలు వేశాడు. యేసు అతన్ని పిలిపించి, నీకేం చేయాలో చెప్పమన్నాడు. చూసిన ఎవరికైనా అతని అవసరం ఏమిటో తెలుసు. అయినా అతని నోటితో చెప్పించుకున్నాడు. తన అవసరాన్ని పేరు పెట్టి చెప్పడం మనిషికి కష్టం. చెప్పగానే బలహీనత బయటపడుతుంది. హన్నా షిలోహు మందిరంలో పెదవులు మాత్రమే కదుపుతూ ఏడ్చింది. యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఆమె అడిగింది మాత్రం స్పష్టం, ఒక మగబిడ్డ. గెత్సెమనేలో ప్రభువు కూడా తన మనసులోని కోరికను దాచలేదు. ఆ శ్రమల గిన్నె తన నుంచి తొలగిపోవాలని అడిగి, ఆ తరువాతే తండ్రి చిత్తానికి అప్పగించాడు. అడగకుండా అప్పగించడం తేలిక. అడిగి అప్పగించడంలోనే నమ్మకం ఉంది.

మా ఊళ్లో శుక్రవారం ఉపవాస కూటానికి పొగాకు గ్రేడింగు పనికి వెళ్లే ఒకామె వస్తుంది. చదువు రాదు. ఒక వారం ఆమె చాప మీద మోకరించి, కొంగు తల మీదికి లాక్కుని, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత పక్కవాళ్లకు వినబడీ వినబడనట్టు చెప్పుకుంది. ‘‘యేసయ్యా, పిల్లోడికి జొరం తగ్గలేదు. రక్తపరీక్ష రాశారు, డబ్బుల్లేవు. మేస్త్రిని అడ్వాన్సు అడగాలంటే నోరు రావట్లేదు. ఆయన మనసు మెత్తన చెయ్యి, నాకు ధైర్యమియ్యి. పక్కింటామెతో గొడవపడ్డాను, ఆ కోపం నాలోంచి తియ్యి. నీ ఇష్టం నాయనా.’’ అంతే, ఆమేన్ అంది. కూటం ముగిశాక ఇద్దరు ఆడవాళ్లు ఆమెను గోడ పక్కకు తీసుకెళ్లి చేతిలో మడతపెట్టిన నోట్లు పెట్టడం చూశాను. ఆ పక్కింటామె కూడా మా సంఘంలోనిదే. ఆదివారం ఆరాధనకు ఇద్దరూ కలిసి వచ్చారు.

గంభీరమైన ప్రార్థన విన్నప్పుడు ఆమేన్ అని ఊరుకుంటాం. ఇలాంటి ప్రార్థన విన్నవాళ్లకు చేయవలసిన పని కనిపిస్తుంది. దాపరికం లేకుండా అడిగిన విన్నపానికి జవాబుగా దేవుడు చాలాసార్లు పక్కన మోకరించిన మనిషినే లేపుతాడని నా నమ్మకం.

తెలుగు క్రైస్తవ చరిత్రలో దీనికి పెద్ద సాక్ష్యం ఒంగోలులో ఉంది. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను నెల్లూరులో ఏళ్ల తరబడి పనిచేసినా ఫలం కొద్దిగానే కనిపించింది. మూసేద్దామా అని అమెరికాలోని సొసైటీ పెద్దలు 1853లో చర్చించారు కూడా. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, తెలుగు విశ్వాసులైన క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు ఒంగోలు కొండెక్కారు. ఐదుగురే. కింద నిద్రలేస్తున్న ఊరిని చూస్తూ ఒక్కొక్కరూ ప్రార్థించారు. అడిగింది చాలా సూటిగా ఉంది, ఒంగోలుకు ఒక సేవకుడు కావాలని. జవాబు వెంటనే రాలేదు. జ్యూవెట్ స్వదేశానికి వెళ్లినప్పుడు ఈ మిషను కోసం వాదించి, 1865లో జాన్ క్లౌను వెంటబెట్టుకుని తిరిగి వచ్చాడు. 1866లో క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. కొండ మీద అడిగినవాడే ఆ మనిషిని వెంటబెట్టుకుని సముద్రం దాటి వచ్చాడన్నమాట.

ఆ క్లౌ సంగతి కూడా చెప్పాలి. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని మాదిగపల్లెల నుంచి జనం వచ్చి అడుగుతున్నా, కరువు సాయం అందుతున్నంత కాలం ఇవ్వనన్నాడు. కూలి కోసమో తిండి కోసమో ఎవరూ విశ్వాసులమని చెప్పుకోకూడదని ఆయన పట్టుదల. ఆ పని ముగిశాకే, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చాలామంది ఈ అంకె దగ్గర ఆగిపోతారు. దాని వెనక ఉన్న ఆ నిరీక్షణే నాకు పెద్దది. ఆకలితో ఉన్నవాడి చేత ఆమేన్ అనిపించకపోవడం కూడా యథార్థమైన ప్రార్థనలో భాగమే.

ప్రభువు నేర్పిన ప్రార్థన కూడా ఇదే దారిలో నడుస్తుంది. రొట్టె అడిగేటప్పుడు ఈ రోజుకు సరిపడా అడగమంటుంది, పదేళ్లకు సరిపడా కాదు. రేపు మళ్లీ వచ్చి అడగాలి, మళ్లీ తల వంచాలి. క్షమాపణ అడిగేటప్పుడైతే మనం ఇతరులను క్షమించిన సంగతి కూడా పక్కనే పెట్టమంటుంది. రోజూ గడగడా అప్పజెప్పే ఆ ప్రార్థనలో నేను ఆ చోట ఆగుతాను. ఎవరి ముఖం గుర్తొస్తే వాళ్ల పేరు పలుకుతాను. కొన్ని రాత్రులు ఆ పేరు దాటి ముందుకు పోవడానికి చాలాసేపు పడుతుంది. ఆ ఆలస్యాన్ని ప్రార్థనలో లోపమని అనుకోను. ఆ రోజుకు అసలు ప్రార్థన అదే.

కన్నీళ్లు వస్తేనే ప్రార్థన అని, గొంతు పెంచితేనే ఆత్మ దిగివస్తుందని చాలామంది నమ్ముతారు. కన్నీళ్లు వచ్చినప్పుడు రానివ్వండి, రాకపోతే బాధపడకండి. మాటలు తడబడితే తడబడనివ్వండి. ఎలా ప్రార్థించాలో తెలియని మన బలహీనతకు ఆత్మే సాయం చేస్తాడని పౌలు రోమా సంఘానికి రాశాడు. ఆ భరోసా ఉన్నవాడికి అలంకారాలు అక్కర్లేదు.

ఈ వారం మీ కుటుంబ ప్రార్థనలో ఒక్క మార్పు చేసి చూడండి. పెద్దాయన ఒక్కరే అందరి తరఫునా చెప్పేయకుండా, చిన్నపిల్లలతో సహా ఒక్కొక్కరూ తమ నిజమైన అవసరం ఒకటి పేరు పెట్టి అడగండి. అబ్బాయికి లెక్కల పరీక్ష భయమైతే అదే అడగనివ్వండి. నాన్నకు అప్పు దిగులైతే పిల్లల ముందు అదే చెప్పనివ్వండి. ఆ తరువాత నీ చిత్తమని అప్పగించండి. ఆమేన్ అన్నాక, విన్న వాటిలో మీ చేతనైన పని ఏదైనా ఉంటే తెల్లారేదాకా ఆగకుండా చేయండి.