పళ్ళెమును త్రిప్పవలసినది బెల్టా, మోటారా?

నాటకపు పద్య మనగానే చెవి కోసికొను సీమ రాయలసీమ. నందికొట్కూరు ప్రాంతమున ఏ పాత యింటి అటక వెదకినను ఒకటి రెండు గ్రామఫోను ప్లేట్లు దొరకిన ఆశ్చర్యపడ నక్కరలేదు. లక్కతో చేసిన 78 చుట్ల ప్లేట్లలో హరిశ్చంద్ర, చింతామణి నాటకముల పద్యములు, తరువాతి కాలపు వినైలు ఎల్.పి.లలో ఘంటసాల భగవద్గీతయు, బాలమురళీకృష్ణ కృతులును ఉండును. వీనిని మరల వినవలెనను కోరికతో ఒక గృహస్థుడు క్రొత్త రికార్డు ప్లేయరు కొనబూనెననుకొందము. అంగడివాడు మొదట అడుగు ప్రశ్న, "బెల్టు డ్రైవు కావలెనా, డైరెక్టు డ్రైవు కావలెనా?" అని. ఆ వెంటనే రెండు వాదములు వినవచ్చును. బెల్టు యంత్రము సంగీతమునకు, డైరెక్టు యంత్రము కేవలము నాట్యశాలలలో పాటలు వాయించువారికి అని ఒక పక్షము. బెల్టనగా పాతకాలపు వస్తువు, సాగిపోవును, వేగము నిలువదు అని రెండవ పక్షము. ఈ రెండును సగము నిజములే. సగము నిజముతో కొన్న వస్తువునకు పూర్తి వెల చెల్లించవలసివచ్చుటయే చిక్కు.

భేదము తెలియుటకు దూరము పోనక్కరలేదు. ఊరి పిండిమరలో మోటారొక మూల, తిరుగు రాయి యొక మూల ఉండును. నడుమ పట్టా తిరుగుచుండును. అది బెల్టు డ్రైవు. ఇంటి కప్పునకు వ్రేలాడు ఫ్యానులో రెక్కలు మోటారునకే బిగింపబడియుండును. మోటారు ఎన్ని చుట్లు తిరిగిన రెక్కలును అన్నియే తిరుగును. అది డైరెక్టు డ్రైవు. ఈ రెంటికిని ముందు, రబ్బరు చక్రమొకటి మోటారు ఇరుసునకును పళ్ళెపు అంచునకును ఒరసికొని తిరుగు పద్ధతి యుండెను. గారర్డు వారి 301 (1954) ఆ జాతిలో పేరుపొందినది.

బెల్టు పక్షమువారి వాదమున గట్టి భౌతికశాస్త్రమున్నది. ముల్లు గాడిలోని అతిసూక్ష్మమగు కదలికలను చదువును. మోటారు కంపము పళ్ళెమునకు ప్రాకినచో ముల్లు దానిని కూడ చదివి గుయ్యిమను అడుగు రొదగా స్పీకరున కందించును. బెల్టు సాగు గుణము కలది, పళ్ళెము బరువైనది. స్ప్రింగును బరువును కలిసిన చోట త్వరిత కంపములు చాలవరకు అణగిపోవును. కుమ్మరి సారెను చూచినవారికి తక్కిన సగము చెప్పనక్కరలేదు. కర్రతో ఒకమారు త్రిప్పి వదలినను సారె నిలుకడగా తిరుగుచుండును. అంచున బరువు హెచ్చిన కొలది జడత్వ భ్రామకము హెచ్చి, చిన్న చిన్న కుదుపులు వేగమును మార్చజాలవు. ఎడ్గార్ విల్చర్ 1961లో అమెరికాలో వెలువరించిన ఏ.ఆర్. యంత్రము ఈ సూత్రమును తక్కువ వెలలో చూపినది. పళ్ళెమును, ముల్లు చేతిని ఒకే చట్రమున కూర్చి, ఆ చట్రమును స్ప్రింగులపై నిలుపుటచే నేల అదురు కూడ తగ్గినది.

డైరెక్టు డ్రైవువారి సమాధానము ఇంకొక త్రోవది. జపాను దేశపు మత్సుషిట సంస్థ టెక్నిక్స్ అను పేర 1970లో ఎస్.పి.10 యంత్రమును విపణిలో నుంచినది. బెల్టు యంత్రములోని మోటారు సాధారణముగా నిమిషమునకు 250 లేక 375 చుట్లు తిరుగగా, ఈ మోటారు పళ్ళెముతోబాటు 33⅓ చుట్లు మాత్రమే తిరుగును. అనగా సెకనునకు 0.56 చుట్టు. ఆ భ్రమణపు మూల కంపము మానవ శ్రవణమునకు అందదు. కంపమును వడగట్టుట బెల్టు మార్గము. వినరాని చోటికి దింపుట డైరెక్టు మార్గము. అయితే మోటారులోని అయస్కాంత ధ్రువములు ఒకటి తరువాత ఒకటి లాగుటలో పళ్ళెము కొంచెము కొంచెముగా కుదుపుకొనునను ఆక్షేపణ కలదు. తొలి యంత్రములకును, నేటి మిక్కిలి చౌక యంత్రములకును ఈ ఆక్షేపణ తగవచ్చును. క్వార్ట్జు స్ఫటికముతో వేగమును సరిచూచు విధానము 1975లో ఎస్.పి.10 రెండవ రూపమునకు వచ్చినది. 1979 నాటి ఎస్.ఎల్.1200 ఎమ్.కె.2 యంత్రమున శ్రుతి ఊగుట, వణకుట కలిపి 0.025 శాతమని తయారీదారులు ప్రకటించిరి. నేడు అమ్ముడగుచున్న ఆడియో-టెక్నికా ఎల్.పి.60 ఎక్స్ అను చౌక బెల్టు యంత్రమునకు ప్రకటిత పరిమితి 0.25 శాతము. ఈ పదింతల భేదమును చూపి బెల్టు పద్ధతియే తక్కువదనుట తర్కము కాదు. అక్కడ పోల్చబడినది రెండు వెలలు గాని రెండు పద్ధతులు కావు.

నాట్యశాలల వాదము ఇంతకంటె బలహీనము. పళ్ళెమును వ్రేలితో ఆపి వదలినను క్షణములో వేగమందుకొను శక్తి ఉండుటచే అక్కడివారు ఆ యంత్రమును మెచ్చిరి. అంతమాత్రమున ఇంట పనికిరాదనుట, బండి లాగు ఎద్దు నాగలి లాగజాలదనుట వంటిది.

ఇరుపక్షములవారును సాధారణముగా మరచునది విద్యుత్తు. పాత బెల్టు యంత్రములలో సింక్రనస్ మోటారు వాడిరి. దాని వేగము వోల్టేజిపై గాక, విద్యుత్తు పౌనఃపున్యముపై ఆధారపడును. 2003కు పూర్వము దక్షిణాది గ్రిడ్డులో 50 హెర్ట్జులకు బదులు 48 దాకా దిగజారిన దినములు కలవు. అప్పుడు పళ్ళెము వేగము 4 శాతము తగ్గును. శ్రుతి ఒక అర్ధస్వరమున పదింట ఏడు వంతులు క్రిందికి జారును. గాయకుని శ్రుతి తప్పుకాదు, ప్లేటు తప్పుకాదు! నేడు గ్రిడ్డు 49.90, 50.05 హెర్ట్జుల నడుమ నుండవలెనని నియమము. కావున ఆ బెడద చాలవరకు తీరినది. అమెరికానుండి బంధువులు తెచ్చిన పాత యంత్రమునకు మాత్రము ఇంకొక గండమున్నది. అది 60 హెర్ట్జులకు చేయబడినది. వోల్టేజి తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు పెట్టినను పౌనఃపున్యము మారదు. 33⅓కు బదులు 27.8 చుట్లు మాత్రమే తిరుగును. నిష్పత్తి 6:5, సంగీతజ్ఞుల భాషలో షడ్జమునకును సాధారణ గాంధారమునకును గల దూరము. మోటారు కప్పీని మార్చినగాని అది దారికి రాదు. నేటి క్రొత్త యంత్రములు, బెల్టువైనను డైరెక్టువైనను, చాలవరకు డి.సి. విద్యుత్తుతో నడచును గనుక వానికీ బాధ లేదు.

వేగమును పరీక్షించుట పాఠశాలలో చేయదగిన పని. 50 హెర్ట్జుల విద్యుత్తుపై నియాను దీపము సెకనునకు 100 మార్లు వెలిగి ఆరును. 33⅓ చుట్ల పళ్ళెముపై 180 గీతల కాగితపు చక్రము నుంచి ఆ వెలుగులో చూచినచో, వేగము సరిగానున్నప్పుడు గీతలు కదలక నిలిచినట్లుండును. ఒక్కొక్క గీతకు సరిగా 2 డిగ్రీలు, కోణమానిని చాలును. 78 చుట్లకు 77 గీతలు గీయవలెను. ఇందొక మోసము కలదు. సింక్రనస్ మోటారును దీపమును ఒకే విద్యుత్తుతో నడిపినచో, పౌనఃపున్యము 48కి పడినను రెండును కలసియే తగ్గును; గీతలు నిలిచియే కనబడును. ఈ పరీక్షలో నెగ్గెనని ప్రకటించు విక్రేతను ఒక విద్యార్థి ప్రశ్నింపవచ్చును.

ఇంతకు మించిన దోషము ప్లేటునందే యుండవచ్చును. నడిమి రంధ్రము అర మిల్లీమీటరు ప్రక్కకు పడినదనుకొందము. కేంద్రమునకు 100 మిల్లీమీటర్ల దూరమున నున్న గాడిలో వేగము ఒకమారు 0.5 శాతము హెచ్చి, ఒకమారు 0.5 శాతము తగ్గును. లోపలి గాడికి, 60 మిల్లీమీటర్ల వద్ద, అది 0.8 శాతము దాటును. ప్రతి 1.8 సెకనులకు శ్రుతి ఒక ఊగు ఊగును. కొలిచెడి పద్ధతులు కొంత వేరయినను, 0.025 శాతము యంత్రము మీద ఇట్టి ప్లేటు నుంచినచో వినబడునది ప్లేటు దోషమే గాని యంత్రపు సుగుణము కాదు. బెల్టు ధ్వని "మెత్తన", డైరెక్టు ధ్వని "కఱకు" అని విమర్శకులు వ్రాయునప్పుడు, ఏ ప్లేటు, ఏ ముల్లు, ఏ చేయి అని అడుగవలెను. ఏ యంత్రము మ్రోగుచున్నదో తెలియకుండ తెర వెనుక నుంచి విన్న తీర్పు కానిచో దానికి విలువ తక్కువ.

వినుటలో కూడ ఒక మెలకువ కలదు. పాశ్చాత్యులు శ్రుతి ఊగుటను పట్టుటకు పియానో నాదమును వాడుదురు. మన గాత్రములో గమకము దోషమును కప్పిపుచ్చును. స్వరము కదలుట గాయకుని చలువయో పళ్ళెపు చలువయో తెలియదు. తంబుర నాదమును, నాదస్వరము వెంట నిలిచిన శ్రుతిని, నాటక పద్యము వెనుక హార్మోనియమును వినవలెను. హార్మోనియపు రీడు స్వరము తనంత తాను ఊగదు. పద్యము చివర రాగాలాపన సాగునప్పుడు అడుగున పట్టియుంచిన మెట్టు అలలవలె కదలినచో, పాడైన బెల్టును గాని, ప్రక్కకు పడిన రంధ్రమును గాని అనుమానింపవలెను. ప్లేటు మార్చి చూచిన ఏదియో తేలిపోవును.

ఇక నందికొట్కూరు గృహస్థుని సంగతి. మే నెలలో ఇచట ఎండ 40 డిగ్రీలు దాటుట వింత కాదు. రబ్బరు బెల్టు వేడిమికి త్వరగా బిగువు కోల్పోవును. జారుట మొదలైనచో వేగము తగ్గును, ఊగును. క్రొత్త బెల్టు వెల తక్కువయే, వేయుట పది నిమిషముల పని. కాని ఊరిలో దొరకకపోవచ్చును. యంత్రముతోనే రెండు బెల్టులు కొని చీకటిలో, చల్లని చోట దాచుకొనుట మేలు. డైరెక్టు యంత్రమునకు ఆ శ్రమ లేదు. అయితే దాని వేగమును శాసించు సర్క్యూటు చెడినచో ఊరి రేడియో మెకానికు చేతిలో బాగుపడుట కష్టము. ఎల్.పి.లు మాత్రమే ఉన్న యింటికి మధ్యరకపు బెల్టు యంత్రము చాలును. మిగిలిన సొమ్ము మంచి ముల్లునకు వెచ్చించినచో చెవికి లాభము హెచ్చు.

అటకమీద 78 చుట్ల ప్లేట్లుండినచో లెక్క మారును. చౌక బెల్టు యంత్రములు పెక్కింటిలో 33⅓, 45 మాత్రమే ఉన్నవి. రేగా ప్లానర్ 1 లోను అంతే. 78 ఉన్నవానిలో డైరెక్టు యంత్రములు సులభముగా దొరకును. ఆడియో-టెక్నికా ఎల్.పి.120 ఎక్స్ అట్టిది. పూర్వకాలపు ప్లేట్లు కొన్ని సరిగా 78 వద్ద ముద్రింపబడలేదు. వేగమును కొద్దిగా హెచ్చించి తగ్గించు మీట ఆ యంత్రములలో నుండుట వానికి నిజమైన ఉపకారము. హార్మోనియము నొకదానిని ప్రక్కన పెట్టుకొని ప్లేటులోని హార్మోనియముతో సరిచూచినచో, పద్యము ఏ మెట్టున పాడబడినదో అంచనాకు వచ్చును.

ముల్లును మార్చుట మాత్రము మరువరాదు. ఎల్.పి. ముల్లు మొన సుమారు 18 మైక్రానుల వ్యాసార్ధము గలది. 78 గాడికి 65 నుండి 75 వరకు కావలెను. సన్న ముల్లు ఆ వెడల్పు గాడి అడుగున దొర్లి బురబురలాడును. 78 ముల్లును మరచి ఎల్.పి.పై దింపినచో భగవద్గీత గాడులు శాశ్వతముగా చెడిపోవును. అప్పుడు త్రిప్పునది బెల్టయినను మోటారైనను ఒక్కటే.