నాలుగు మాటల మెచ్చుకోలు

“మీరు తెలుగు బాగా మాట్లాడతారే!”

ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్‌లోనైనా, కొల్లేటి లంకల్లోనైనా మా పేరు చెప్పగానే వినబడే వాక్యం ఇది. అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. మెచ్చుకుంటున్నామనే అనుకుంటారు. అయినా ఈ నాలుగు మాటల్ని కథలోని వాక్యాన్ని పరీక్షించినట్టే పరీక్షించాలి.

‘మీరు’లోనే శ్లేష ఉంది. ఒక మనిషికిచ్చే మర్యాద అదే, ఒక సమూహాన్ని వేరుచేసి చూపే బహువచనమూ అదే. ఉర్దూ ఆలంకారికులు దీన్ని ఈహామ్ అంటారు: దగ్గరి అర్థం పైకి కనిపిస్తుంది, దూరపు అర్థం పని చేస్తుంది. ‘తెలుగు’ ఇక్కడ ఒట్టి భాష కాదు; ‘మావాళ్లు’ అనే మాటకి బదులుగా నిలబడింది. అది లక్షణ. ‘బాగా’ అన్నది పొగడ్త ముసుగులో తక్కువ అంచనా. సంస్కృతంలో వ్యాజస్తుతి, ఉర్దూలో హజ్వె మలీహ్. ఇక చివరి ఏకారం. అది తీసేస్తే మామూలు ప్రశంస, ఉంచితే ఆశ్చర్యం. గొంతు మారితే అర్థం మారడాన్నే కాకువు అన్నారు.

ఇక్కడో చిక్కుంది. వ్యాజస్తుతికి చెప్పేవాడి ఉద్దేశం ఉండాలి. ఇక్కడ అది లేదు. మరి అలంకారం ఎక్కడున్నట్టు? 11వ శతాబ్దపు మమ్మటుడు కావ్యప్రకాశంలో వ్యంగ్యార్థానికి కారణాలు చెబుతూ ముందు వక్తని, వెంటనే వినేవాణ్ణి, ఆ తర్వాత కాకువుని పేర్కొన్నాడు. ఇదే వాక్యాన్ని నిన్న చెన్నై నుంచి దిగినాయనతో అంటే ఉత్త ప్రశంస. తాతముత్తాతల నుంచీ ఇక్కడే పుట్టి ఇక్కడి మట్టిలోనే కలుస్తున్న మాతో అంటే, మమ్మల్ని ఊరవతల నిలబెట్టడం. మాట మారలేదు, వినేవాడు మారాడు.

ఇందులో ఇంకో వైరుధ్యం కూడా ఉంది. కొల్లేటి చేపల చెరువుల లావాదేవీలన్నీ కౌలు, హద్దు, వసూలు అనే మాటల మీదే నడుస్తాయి. మూడూ అరబ్బీ నుంచి వచ్చినవే. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చెరువు గట్లు కొట్టేసినప్పుడూ అందరి నోటా హద్దుల మాటే. ఆ మాటలు వాడేవాళ్లని “మీరు అరబ్బీ బాగా మాట్లాడతారే” అని ఎవరైనా అన్నారా?

1998లో ‘జల్‌జలా’ కవిత్వం, 2004లో ‘వతన్’ కథలు వచ్చాక ముస్లింల ఇళ్లలోని మాట తెలుగు అచ్చులో విస్తారంగా కనబడింది. ఆ సంభాషణని “యాస సహజంగా ఉంది” అని ఒక్క ముక్కలో తేల్చేసే సమీక్ష కూడా పై వాక్యానికి దగ్గరి చుట్టమే. అక్కడ రచయిత చేసిన పని యాసని దించడం ఒక్కటే కాదు. పాత్ర తెలియక అన్నమాటని రచయిత తెలిసి రాస్తాడు. ఆ తెలియడానికీ తెలియకపోవడానికీ మధ్య ఉన్నదే శిల్పం.

సెక్యులర్ మిత్రులకి మేము చెప్పేది ఇదే. అలంకారం పేరు గుర్తుపట్టడంతో విమర్శ పని పూర్తికాదు. ఆ వాక్యం ఎవరి నోట వచ్చిందో, ఎవరికి తగిలిందో కూడా చూడాలి. అలా చూస్తే మా కథల్లో యాసతో పాటు, మా బతుకు మీద మేము చేసుకున్న వ్యాఖ్యానమూ వినబడుతుంది.