బోరు వేయడం, బోరు కొట్టడం

సీమ కథల మీద తరచూ వినబడే ఫిర్యాదొకటి ఉంది: "ఎప్పుడు చూసినా అదే కరువు, అదే బోరు. చదివి చదివి బోరు కొట్టేసింది." మొదటి బోరు పొలంలోది, రెండోది పాఠకుడిది. ఒకే ఇంగ్లీషు మాటని పక్కపక్కనే రెండర్థాల్లో వాడినా మనలో ఎవరూ తికమక పడరు. ఫిర్యాదులో నిజమెంతో తేల్చేముందు ఈ మాట సంగతి కాస్త చూద్దాం.

ఇంగ్లీషులో 'బోర్' ఒక్క మాట కాదు. ఒకే స్పెల్లింగు కింద కాపురముంటున్న నాలుగైదు మాటలు. రంధ్రం తొలిచే బోర్ పాత ఇంగ్లీషు నుంచీ ఉంది. తుపాకి గొట్టం లోపలి కొలతకి చెప్పే 'ట్వెల్వ్ బోర్' దాని సంతానమే. విసిగించే బోర్ 18వ శతాబ్దంలో కనబడింది. అదెక్కడి నుంచి వచ్చిందో నిఘంటుకారులు ఇప్పటికీ తేల్చలేదు. పోటు సమయంలో హుగ్లీ లాంటి నదుల్లో ఎదురెక్కి వచ్చే అలనీ బోర్ అనే అంటారు. ఇవి చాలనట్టు 'బేర్' క్రియకి భూతకాలం కూడా బోరే: మోసింది, కన్నది, భరించింది.

తెలుగువాళ్ళం వీటిలో ముఖ్యంగా రెండింటిని తెచ్చుకున్నాం, తొలిచేదీ విసిగించేదీ. అవి కలిసిపోకుండా మన క్రియలు కాపలా కాస్తాయి. బోరు 'వేస్తే' బావి, 'కొడితే' విసుగు. ప్రోగ్రామింగులో ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు పెట్టుకుంటే, మనమిచ్చే ఆర్గ్యుమెంటుని బట్టి ఏది నడవాలో తేలుతుంది. ఇక్కడ ఆ పని క్రియది. మాట ఇంగ్లీషుదే అయినా అర్థం ఇచ్చేది తెలుగే.

కొట్టడం ఎందుకన్నది ఇంకా ఆసక్తికరం. తమిళులు 'బోర్ అడిక్కుదు' అంటారు, కన్నడిగులు 'బోర్ హొడీతిదె' అంటారు. రెండింటిలోనూ ఉన్నది కొట్టడమే. 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండి, ఆ ఏడాది ఆంధ్ర రాష్ట్రంలో కలిసిన మా ఆలూరులో తెలుగూ కన్నడమూ ఒకే వీధిలో వినబడతాయి. ఏ భాషలో విసుక్కున్నా క్రియ మాత్రం మారదు. మనకి ఎండ కొడుతుంది, వాసన కొడుతుంది, గాలి కొడుతుంది. మన ప్రమేయం లేకుండా బయటినుంచి వచ్చి మీదపడేవన్నీ కొడతాయి. ఇంగ్లీషువాడికి బోర్ మనిషి స్థితి. మనకి అది ఎండలాంటిది.

చేతిపంపు దగ్గరికొస్తే ఈ లెక్క కాస్త తిరగబడుతుంది. 1970లలో ఇండియా మార్క్ టూ చేతిపంపు రూపుదిద్దుకుని ఊరూరా వచ్చింది. జనం దానికి పెట్టుకున్న పేరు 'బోరింగు'. 'బోరింగు కొట్టుకోని రాపో' అంటే బిందె తీసుకుని వెళ్ళి నీళ్ళు తెమ్మని. ఇక్కడ కొట్టేది మనిషి, కొట్టించుకునేది ఇనుము. ఇంగ్లీషులో విసుగు పుట్టించేదానికి చెప్పే మాట, ఊళ్ళో ఆడవాళ్ళ భుజాలు పడిపోయే పనికి పేరయింది.

ఇంకో బోరు కూడా ఉంది. దానికి ఇంగ్లీషుతో చుట్టరికం లేదు. 'బోరుమని ఏడ్చింది' అంటామే, ఆ బోరు. అది అచ్చ తెలుగు ధ్వని మాట. పత్రికల శీర్షికలకి ఈ పోలిక బాగా కలిసొచ్చింది: బోరు ఎండింది, రైతు బోరుమన్నాడు. మొదటిసారి విన్నప్పుడు బాగుంటుంది. ఆ శ్లేషే మన కథల్లోకీ దిగి కూర్చుంది. అసలు చిక్కు అక్కడే మొదలైంది. శ్లేష కుదరాలంటే రైతు ఏడవాలి. కాబట్టి కథలో రైతు ఏడుస్తాడు.

చాలా బోరు కథలకి ఒకటే నడక. అప్పు, కొబ్బరికాయ, బోరు బండి, దుమ్ము, ఏడుపు. నీళ్ళు పడ్డాయా, లేదా? రచయిత దగ్గరున్న ప్రశ్న ఇదొక్కటే, దాని జవాబు పాఠకుడికి రెండో పేరాలోనే తెలిసిపోతుంది. అందుకే బోరు కొడుతుంది. ఫిర్యాదు చేసినవాణ్ణి తప్పు పట్టలేను. అయితే తప్పు కరువుది కాదు, కథది.

రైతు దగ్గరుండే ప్రశ్నలు చాలా ఎక్కువ. ఎవరు చూపిన పాయింటు నమ్మాలి? కొబ్బరికాయవాడిదా, వేపపుల్లవాడిదా, మిషనువాడిదా? మనది గట్టిరాతి నేల, నీళ్ళుండేది బండ పగుళ్ళలో. ఆ పగులు పది అడుగుల అవతల ఉండొచ్చు. మూడొందల అడుగులకి పొడి దుమ్మే వస్తోంది. ఆపాలా, ఇంకో యాభై దింపాలా? లోతుకి వెళ్ళేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది. ఇప్పటిదాకా పోసింది ఎలాగూ రాదు, కానీ ఆపితే అది పోయినట్టు ఒప్పుకోవాలి. పడింది ఇంచు నీళ్ళే అయితే మోటరు దించాలా? మన బోరు పడ్డాక పక్క చేనివాడిది తగ్గితే వాడి మొహం ఎలా చూడాలి? 2002లో వచ్చిన వాల్టా చట్టం అనుమతి గురించీ బోర్ల మధ్య దూరం గురించీ మాట్లాడుతుంది. పక్కవాడి మొహం గురించి కథే మాట్లాడాలి. 2004 నుంచి సేద్యానికి ఉచిత కరెంటు వచ్చాక తోడే ఖర్చు తగ్గింది, తొలిచే ఖర్చు తగ్గలేదు. పందెం మొత్తం ఆ ఒక్క పగలు, ఆ ఒక్క రంధ్రం మీదికి చేరింది.

సింగమనేని నారాయణ తన కథకి 'జూదం' అని పేరు పెట్టారు. సీమ సేద్యానికి అంత సరిపోయే మాట ఇంకోటి నాకు తోచదు. జూదంలో ఓడినవాడు ముందు ఏడవడు. జేబు తడుముకుంటాడు. ఇంకో ఆటకి ఎవరు అప్పిస్తారో చూస్తాడు. అతని లెక్కలో ఆశ ఉంది, మొండితనం ఉంది, పక్కవాడి మీద అసూయ ఉంది, ఇంట్లో చెప్పని అబద్ధం ఉంది. ఇన్ని ఉన్న మనిషిని 'బోరుమన్నాడు' అన్న ఒక్క మాటతో ముగించేయడం అన్యాయం. అతనికి మనం జాలి ఇచ్చి తెలివి తీసేసుకుంటున్నాం.

కరువు కథలు ఇక చాలు అనేవాళ్ళతో నాకు పేచీ అక్కడే. నేల మారలేదు, బోరు బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. చాలించాల్సింది ఆ శ్లేషని. మనం అరువు తెచ్చుకోని ఆ ఇంకో ఇంగ్లీషు బోర్, 'భరించాడు' అనేది, ఎలా భరించాడో అడుగు అడుగుకీ లెక్క చెప్పే కథ వస్తే, అందులో నీళ్ళు పడకపోయినా ఫర్వాలేదు, ఎవరికీ బోరు కొట్టదు.