ఆరంగుళాల చుక్క - లేని మనిషి: యుద్ధనౌకల, సైనిక వాహనాల పిక్సెల్ చిత్రణపై ఒక పరిశీలన

1. ప్రవేశిక

యుద్ధనౌకలను, కవచ వాహనాలను నిర్ణీత కొలతలో, పక్కచూపుగా, ఒక్కొక్క చుక్కను పేర్చి గీసే పిక్సెల్ చిత్రణ తెర మీదనే పుట్టిన కళారూపం. కొండాపూర్ వంటి సమాచార సాంకేతిక కేంద్రంలో పిక్సెల్ అంటే కంటికి ఆనకుండా పోవలసిన అణువు. తెర నాణ్యత పెరిగేకొద్దీ అది సూక్ష్మమవుతుంది. ఈ చిత్రణలో మాత్రం అదే కనబడవలసిన ఇటుక. ఖచ్చితత్వమే తన విలువగా చెప్పుకునే ఈ రూపం ఎక్కడ ఖచ్చితమో, ఎక్కడ కాదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కొలత - నియమం

'షిప్‌బకెట్' పేరుతో స్థిరపడిన కొలతలో అడుగుకు 2 పిక్సెళ్లు. అనగా ఒక పిక్సెల్ 6 అంగుళాలకు సమానం. నౌక ఏ దేశానిదైనా, ఏ కాలానిదైనా ఈ నిష్పత్తి మారదు. 2002 నుండి విశాఖపట్నం సాగరతీరాన ప్రదర్శనశాలగా ఉన్న ఐ.ఎన్.ఎస్. కుర్సుర జలాంతర్గామి పొడవు 91.3 మీటర్లు, ఈ లెక్కన 599 పిక్సెళ్లు. 2022లో నౌకాదళంలో చేరిన విక్రాంత్ విమానవాహక నౌక పొడవు 262 మీటర్లు. సుమారు 1,719 పిక్సెళ్లు. రెండింటినీ ఒకదాని కింద ఒకటి ఉంచినప్పుడు, ఛాయాచిత్రాలు దూరాన్నిబట్టి దాచే తారతమ్యం నేరుగా తెలుస్తుంది.

పక్కచూపు మనకు కొత్త కాదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీది రెండు స్తంభాల ఓడ పక్కచూపుగానే కనబడుతుంది. గళ్ల క్రమశిక్షణా కొత్త కాదు. పోచంపల్లి ఇక్కత్ నమూనాను గళ్ల కాగితంపై వేసుకున్నాకే నూలుకు రంగులద్దుతారు. అయితే ఇక్కత్‌లో రంగు అంచులు కొద్దిగా చెదిరి, ఆ చెదరడమే అందమవుతుంది. ముగ్గులో చుక్క ఆధారం మాత్రమే; ఆకృతి గీతది. పిక్సెల్ చిత్రణలో చెదరడానికి వీలు లేదు, చుక్కను దాటిన గీత లేదు. కనుక ప్రతి చుక్కా ఒక నిర్ణయమే.

3. నియమం ఓడే చోటు

ఆరంగుళాలకన్నా సన్నని వస్తువు ఎదురైనప్పుడు ఈ నిర్ణయం కఠినమవుతుంది. నౌక అంచున ఉండే కమ్మీ మందం కొద్ది సెంటీమీటర్లే. దానిని గీస్తే కనీసం ఒక పిక్సెల్, అంటే 15 సెంటీమీటర్ల మందం వస్తుంది. గీయకపోతే కమ్మీయే ఉండదు. చిత్రకారుడు పెంచి చెప్పాలి, లేదా వదిలేయాలి, లేదా నేపథ్యానికి దగ్గరి రంగుతో సూచించాలి. పొడవు, ఎత్తు విషయంలో లెక్క పనిచేస్తుంది. అంతకన్నా చిన్నదాని విషయంలో వివేచన పనిచేయాలి. ఒక చిత్రాన్ని విమర్శించవలసింది ఈ రెండవ చోటనే. కొలతల తప్పొప్పులను పట్టిక చూసి ఎవరైనా చెప్పవచ్చు.

4. లేని మనిషి

అయిదున్నర అడుగుల మనిషి ఈ కొలతలో 11 పిక్సెళ్లు. తలకు ఒకటి రెండు చుక్కలే దక్కుతాయి. ముఖానికి చోటు లేదు. కొలతకు మనిషి అడ్డు కాకపోయినా అతని ముఖం ఇందులో పట్టదు. అందుకే సాధారణంగా ఈ చిత్రాలలో మనుషులు ఉండరు. కుర్సురలో సుమారు 75 మంది నావికులు పనిచేసేవారు. 1971 యుద్ధకాలంలో గస్తీ తిరిగి, 2001లో విరమించిన ఆ నౌక చిత్రంలో మిగిలేది నల్లని పొట్టు, మధ్యగోపురం మాత్రమే.

కొండాపూర్‌కు పడమటగా, సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని కర్మాగారంలో తయారయ్యే 'సారథ్' కవచ వాహనం మరో ఉదాహరణ. 6.735 మీటర్ల ఆ వాహనం ఈ కొలతలో 44 పిక్సెళ్లు. ముగ్గురు సిబ్బందిని, ఏడుగురు సైనికులను మోయగలదు. పేరు వినగానే తెలుగువారికి సారథి స్ఫురిస్తాడు. చిత్రంలో రథమే ఉంటుంది.

నౌకానిర్మాణ పటంలోనూ మనుషులుండరు గదా అని వాదించవచ్చు. కాని పటం కట్టేవాని కోసం. చిత్రం చూసేవాని కోసం. కట్టేవానికి మనిషి ఎక్కడ నిలబడతాడో ముందే తెలుసు. చూసేవానికి తెలియదు. సంకల్ప్ రెడ్డి 'ఘాజీ' (2017) చిత్రం ఇందుకు ఎదురు దిశలో సాగింది. అందులో జలాంతర్గామి ప్రధానంగా ఇరుకైన లోపలి గదులుగా, చెమటగా, ఆదేశంగా అనుభవమవుతుంది. సినిమా లోపలినుండి చెప్పినదాన్ని పిక్సెల్ చిత్రం బయటినుండి చెప్పలేదు. నౌక కొలతను పిక్సెల్ చిత్రం చెప్పినంత నిక్కచ్చిగా సినిమా చెప్పలేదు.

5. ముగింపు

ఈ చిత్రణను యుద్ధారాధనగా తోసిపుచ్చడం తొందరపాటు. దాని శ్రద్ధ ఆయుధాన్ని పొగడదు, కొలుస్తుంది. అయితే కొలిచినంత మాత్రాన నిష్పక్షపాతం సిద్ధించదు. ఆరంగుళాలకన్నా సన్నని కమ్మీకి చోటు వెతికే చిత్రకారుడు పదకొండు చుక్కల మనిషిని వదిలేయడం కొలత విధించిన అనివార్యత కాదు, ఒక ఎంపిక. ఈ చిత్రాలను అంచనా వేసేటప్పుడు ఆ ఎంపికనూ లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.