పెంపకం, ఎడబాటు, అధికారం: 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' డాక్యుమెంటరీ – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

కార్తికి గోన్సాల్వెస్ దర్శకత్వంలో 2022లో వెలువడిన తమిళ డాక్యుమెంటరీ 'ది ఎలిఫెంట్ విస్పరర్స్', 2023లో లఘు డాక్యుమెంటరీ విభాగంలో ఆస్కార్ పురస్కారం పొందింది. తమిళనాడులోని ముదుమలై అడవిలో, తెప్పకాడు ఏనుగుల శిబిరంలో, తల్లిని కోల్పోయిన రఘు అనే గున్ననూ, ఆ తర్వాత అమ్ము అనే మరో గున్ననూ కాట్టునాయకర్ తెగకు చెందిన బొమ్మన్, బెల్లి సాకిన తీరు ఇందులోని వస్తువు. మనిషికీ జంతువుకూ మధ్య ప్రేమగాథగా దీనిని చూడడం పరిపాటి. ప్రకృతి ఒడిలో పెరగడం అనే భావనను ఈ చిత్రం ఎట్లా రూపుకట్టించిందో, ఆ క్రమంలో ఏది మరుగున పడిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పెంపకంలోని పరస్పరత

ప్రకృతి చిత్రాలలో బయటి వ్యాఖ్యాత కంఠం అడవిని వివరించడం చిరపరిచితమైన పద్ధతి. ఇక్కడ ఆ కంఠం లేదు. సాకినవారే తమ కథ చెప్పుకుంటారు. ఈ ఎంపిక వల్ల పెంపకం ఏకముఖంగా కాక పరస్పరంగా కనిపిస్తుంది. బెల్లి మొదటి భర్త పులి దాడిలో మరణించాడు, కూతురూ చనిపోయింది. అడవి ఆమెకు జీవనాధారం మాత్రమే కాదు, భయకారణం కూడా. రఘు ఆలనాపాలనలో ఆమె శోకం మెత్తబడుతుంది. ఆ పనిలోనే బొమ్మన్‌తో సాహచర్యం వివాహంగా పరిణమిస్తుంది. గున్న పెరగడంతో పాటు పెంచినవారి జీవితమూ కొత్తగా పెరుగుతుంది. చిత్రంలోని ప్రధాన శక్తి ఇదే.

దృశ్యం వదిలిన ప్రశ్నలు

అయితే ఈ 'ఒడి' స్వచ్ఛమైన అడవి కాదు. చేత్తో ముద్దలు తినిపించే ఆ చోటు అటవీశాఖ నిర్వహించే శిబిరం. రఘు కొంత ఎదిగాక శాఖ అతనిని వేరే సంరక్షకులకు అప్పగిస్తుంది. ఆ ఎడబాటు దుఃఖాన్ని చిత్రం ఆర్ద్రంగా చూపుతుంది. ఆ నిర్ణయం వెనుక ఉన్న అధికారాన్ని మాత్రం విచారించదు. సాకిన చేతులకు సాకుడు బిడ్డపై ఏ హక్కూ లేదన్న సత్యం దుఃఖంలో కరిగిపోతుంది.

రఘు తల్లి విద్యుదాఘాతంతో మరణించింది. భారతదేశంలో మానవ కారణాల వల్ల జరిగే ఏనుగుల మరణాలలో విద్యుదాఘాతం ప్రధానమైనది. అడవి అంచున పెరిగిన సాగుకూ, కంచెలకూ, ఆ మరణానికీ ఉన్న సంబంధాన్ని చిత్రం లోతుగా తడమదు. అట్లాగే కాట్టునాయకర్లను అడవికి సహజ సంరక్షకులుగా కీర్తిస్తుంది గాని, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించిన హక్కుల ప్రస్తావన చేయదు. ప్రేమించే శక్తిని గుర్తించి, హక్కును విస్మరించడం గౌరవంలోనే దాగిన అసమానత.

ముగింపు

సుమారు 40 నిమిషాల చిత్రం అన్నీ చెప్పాలనడం సమంజసం కాదన్న వాదన ఉండవచ్చు. కాని ఎడబాటును కథకు మలుపుగా నిలిపినది చిత్రమే. కనుక ఆ మలుపుకు కారణమేమిటన్న ప్రశ్న బయటినుండి తెచ్చిపెట్టినది కాదు. సన్నిహితత్వాన్ని చూపడంలో ఈ చిత్రం సాధించిన విజయం నిస్సందేహమైనది. ఆ సన్నిహితత్వం ఎవరి అనుమతితో నిలుస్తున్నదో కూడా చూపి ఉంటే, బొమ్మన్, బెల్లిల ప్రేమ మరింత బరువుతో ప్రేక్షకునికి అందేది.