కన్యాశుల్కం: ఆలోచనకు పట్టిన అలవాట్లు

మనిషి ఆలోచించి నిర్ణయిస్తాడని మనం అనుకుంటాం. తరచు జరిగేది దీనికి తలకిందు. నిర్ణయం ముందే జరిగిపోతుంది. ఆలోచన వెనక నుంచి వచ్చి దానికి సాక్ష్యాలు సమకూరుస్తుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న సామెతలో ఉన్నది ఈ సంగతే. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒక్కసారే జరిగినంత మాత్రాన రెంటికీ ముడి పెట్టరాదని మన పూర్వులు కాకతాళీయ న్యాయం చెప్పుకున్నారు. ఫ్రాన్సిస్ బేకన్ 1620లో వెలువరించిన ‘నోవమ్ ఆర్గానమ్’లో బుద్ధిని ఆవహించే భ్రమలను నాలుగు తెగల విగ్రహాలుగా విభజించాడు. 1974లో కానెమన్, ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రచురించిన వ్యాసంతో ఈ విచారణకు ప్రయోగాల బలం చేకూరింది. మనిషి తీర్పులో దొర్లే తప్పులు ఇష్టం వచ్చినట్లు దొర్లవనీ, వాటికీ ఒక క్రమం ఉందనీ వారు చూపించారు.

ఈ శాస్త్రం విలువైనది. కాని ఇది ప్రధానంగా ఒంటరి మనిషి బుద్ధిని పరీక్షిస్తుంది. ఒకరి బుద్ధి చేసిన పొరపాటుకు మూల్యం చెల్లించేది ఎవరనే ప్రశ్న దాని పరిధిలోకి అంతగా రాదు. తెలుగులో ఆ ప్రశ్నను నిలదీసిన రచన కన్యాశుల్కం. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో దాదాపు కొత్త నాటకంగా మారిన ఈ రచనను సంఘసంస్కరణ కోసమూ, హాస్యం కోసమూ, వాడుకభాష కోసమూ మనం చాలా మెచ్చుకున్నాం. మనుషులు తప్పుగా ఎలా ఆలోచిస్తారో చూపిన రచనగా మాత్రం దానిని తగినంతగా పరిశీలించలేదు.

అగ్నిహోత్రావధాన్లును చూడండి. పెద్దకూతురు బుచ్చమ్మ వైధవ్యం నట్టింట్లో కళ్లెదుటే ఉంది. చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టడానికి అదేమీ అడ్డు కాలేదు. భార్య వెంకమ్మ ప్రాణం తీసుకోబోయినా అతని పట్టు సడలదు. అనుభవం గురువంటారు గాని, తనకు నష్టం కలిగించే పాఠాన్ని ఆస్తిపరుడు నేర్చుకోడు. దావాలంటే అతనికి ఉన్న మోజు కూడా ఇలాంటిదే. ఓడిన కొద్దీ మరింత వ్యాజ్యం కావాలి. దీనిని మూర్ఖత్వమని కొట్టివేయడం తేలిక. కాని ఆ మూర్ఖత్వం ఎప్పుడూ ఒకే దిక్కుకు, రూపాయి ఉన్న దిక్కుకే మొగ్గుతుందని గమనించాలి.

లుబ్ధావధాన్లుది మరొక రకం. వచ్చే లాభం కన్నా పోయే నష్టం మనిషికి ఎక్కువ బరువుగా తోస్తుందని కానెమన్, ట్వర్‌స్కీ 1979లో సిద్ధాంతీకరించారు. కరటకశాస్త్రికి ఆ సిద్ధాంతం తెలియదు, లుబ్ధావధాన్లు మాత్రం తెలుసు. పెళ్లివారి ఆడంబరానికి బోలెడు ఖర్చవుతుందన్న భయం పుట్టేసరికి ముసలివాడి పెళ్లి ఉబలాటం పాత సంబంధాన్ని వదిలి, చౌకగా తేలే కొత్త సంబంధం వైపు తిరుగుతుంది. ఆ పెళ్లికూతురు ఆడవేషం వేసిన శిష్యుడు మహేశం. తర్వాత దయ్యం భయం పట్టుకుంటే పూజారి గవరయ్య సీసాలో దయ్యాన్ని బంధించానన్నా నమ్ముతాడు. భయపడిన బుద్ధికి ఖాళీ సీసా కూడా రుజువే.

ఇక్కడ మనం నవ్వుతాం. ఆ నవ్వు వెనక ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు ఆనందగజపతి పూనికతో విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల శుల్క వివాహాల జాబితా తయారైందని, అందులో 1034 పెళ్లిళ్లు నమోదయ్యాయని గురజాడ తొలి ముద్రణ పీఠికలో తెలిపారు. వారిలో 99 మంది అయిదేళ్ల పిల్లలు, ముగ్గురు ఏడాది పసికందులు. 1034 అన్న అంకె కదిలించలేని మనసును ఒక్క సుబ్బి కదిలిస్తుంది. మనసుకున్న ఈ బలహీనతను గురజాడ ఎరుగును. అందుకే లెక్కను పీఠికలో ఉంచి, నాటకంలో ఒక ఇంటిని నిలబెట్టారు. ఆ ఇంటి పెద్దల తప్పుడు ఆలోచనలన్నిటికీ బలి కావలసింది నిర్ణయంలో నోరులేని సుబ్బి.

గిరీశం శక్తి ఏమిటి? ఎవరి మనసు ఏ గాడిలో నడుస్తుందో అతనికి తెలుసు. అర్థం తెలియని ఇంగ్లీషు ముక్కలు నాలుగు దొర్లితే వెంకమ్మకు అది చదువుగా కనిపిస్తుంది. కోర్టు కాగితాల మాటెత్తితే అగ్నిహోత్రావధాన్లుకు పనికొచ్చేవాడవుతాడు. బుచ్చమ్మకు వితంతు వివాహ ధర్మం బోధిస్తాడు. మాట ధారాళంగా ఉంటే అందులో నిజముందనుకోవడం ఈ ఇంటివారి అలవాటే కాదు, చదువరి అలవాటు కూడా. ఎన్ని మోసాలు చేసినా గిరీశాన్ని మనం ముద్దుచేస్తూనే ఉన్నాం.

ఇక అసలు విషయానికి వద్దాం. సౌజన్యారావు పంతులు లోభి కాడు, మూఢుడు కాడు. సంస్కర్త, సత్పురుషుడు. ఆయనను గురజాడ ఆదర్శపాత్రగా భావించేవారున్నారు. కాని ఆయన చేసిన తీర్పులు చూడండి. సంస్కరణ భాష మాట్లాడుతున్నాడు గనుక గిరీశం యోగ్యుడు, వేశ్య గనుక మధురవాణి ముఖం చూడరానిది. రెండూ తప్పే. రెండు చోట్లా ఆయన చూసినది మనిషిని కాదు, మనిషికి అంటించిన చీటీని. పురుషవేషంలో వచ్చి ఆ చీటీని చించివేసింది మధురవాణి. గిరీశం బండారం బయటపడిన తర్వాతనే బుచ్చమ్మకు పూనా వితంతు శరణాలయం దారి దొరికింది. తప్పుడు ఆలోచన దుర్మార్గుల సొత్తు మాత్రమే కాదు, మంచి ఆశయం దానికి మందు కాదు. నాటకంలోని అతి కఠినమైన సత్యం ఇదే.

మధురవాణికి ఆ చూపు ఎలా వచ్చింది? ఎదుటివాడి మాటకూ చేతకూ ఉన్న దూరాన్ని కొలవకపోతే ఆమె బతుకు గడవదు. అయితే అణచివేత దానంతటదే వివేకాన్ని ఇస్తుందనుకుంటే అదీ పొరపాటే. బుచ్చమ్మ అంతకన్నా అణగారినదే, కాని గిరీశం మాట నమ్మింది. లోకంతో పోల్చి చూసుకునే అవకాశం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. పరీక్షించే అవసరమూ, పరీక్షించే వీలూ రెండూ కలిసినప్పుడే అలవాటు విరుగుతుంది.

బుద్ధికున్న ఈ బలహీనతలు అన్ని వర్గాల వారికీ ఉన్నవే గదా, వీటిలో వర్గదృష్టి ఎక్కడిదని కొందరు అడగవచ్చు. బలహీనత అందరిదీ. దాని వల్ల నష్టపడేవారు మాత్రం అందరూ కారు. ఆ తేడాను వదిలేస్తే మనస్తత్వ శాస్త్రం నీతిబోధగా మిగిలిపోతుంది.

మరో వైపు నుంచి మనకూ హెచ్చరిక ఉంది. పాత్ర పుట్టిన వర్గం పేరు చెప్పి విమర్శ ముగిసిందనుకోవడం, ప్రగతి పదజాలం వినపడగానే రచయితను మనవాడనుకోవడం సౌజన్యారావు చేసిన పనే. తరగతి గదిలో గిరీశాన్ని వంచకుడిగా, మధురవాణిని ఉదాత్తురాలిగా ఒక్కొక్క మాటలో రాయించి మార్కులు వేయడం కూడా చీటీలు అంటించడమే. విద్యార్థి చేత నాటకం మళ్లీ చదివించి రెండు ప్రశ్నలు అడిగిద్దాం. ఏ రుజువు ఎదురైతే నా అభిప్రాయం మారుతుంది? అది తప్పైతే నష్టపోయేది ఎవరు? ఈ రెండూ అడగడం అలవాటైతే సుబ్బి పక్షాన నిలబడటం ఎలాగో వారికి వేరే చెప్పనక్కరలేదు.