మరణాల పట్టికలో లవము, హారము

భిన్నమునకు పైన లవము, క్రింద హారము ఉండునని ఆరవ తరగతి విద్యార్థి ఎరుగును. 2020 మార్చి, ఏప్రిల్ నెలలలో దేశదేశముల కోవిడ్ పట్టికను ప్రతి ఉదయము చదివిన పెద్దలలో చాలమంది ఆ సంగతి మరచిరి. పట్టికలో దేశము పేరు, వ్యాధి సోకినవారి సంఖ్య, మరణించినవారి సంఖ్య, చివర ఒక శాతము ఉండెడివి. ఆ శాతమును పట్టుకొని ఇటలీ వైద్యము నాసియని, జర్మనీ వైద్యము మేలని, భారతీయుల దేహములోనే ఏదో బలమున్నదని తీర్పులు వెలువడినవి. మిరపకారము ఈ వ్యాధిని ఆపలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేకముగా చెప్పవలసి వచ్చినది. గుంటూరు సీమకు అది కొంత నిరాశ కలిగించిన వార్తయే.

పట్టికలోని అంకెలలో అధికభాగము ఎవరో కల్పించినవి కావు. వేర్వేరు కొలతలతో కొలిచినవానిని ప్రక్కప్రక్కన నిలుపుటలోనే దోషమున్నది.

ఇద్దరు రైతులు తమ కల్లములలోని మిరపకాయలలో తాలుకాయలు నూటికి ఎన్నో తెలిసికొనదలచిరనుకొందము. ఒకడు కల్లము నాలుగు మూలలనుండి, నడుమనుండి గుప్పెడేసి కాయలు తీసి ఏరెను. రెండవవాడు వానకు తడిసిన మూలనుండి మాత్రమే తీసెను. రెండవవానికి తాలు ఎక్కువ తేలును. అంతమాత్రమున అతని పంటయే చెడ్డదని తేల్చిన వ్యాపారిని ఎవరు మెచ్చుదురు? ఇటలీ చేసినది ఇంచుమించు ఇదే. అచ్చట 2020 ఫిబ్రవరి 25 తరువాత, వ్యాధి లక్షణములు తీవ్రముగా ఉన్నవారికే ప్రధానముగా పరీక్షలు చేయవలెనని నిర్ణయించిరి. అంతకుముందు పరీక్షింపబడిన ప్రతి నూరుమందిలో ముగ్గురికి వ్యాధి ఉన్నట్లు తేలుచుండగా, మార్చి నడుమకు ఆ సంఖ్య 19 అయినది. తేలికగా సోకి తగ్గినవారు హారములోనికి రానేలేదు. హారము చిన్నదైన భిన్నము పెద్దదగును.

మార్చి 17 నాటికి ఇటలీలో ఈ శాతము 7.2, చైనాలో ఫిబ్రవరి నాటి లెక్క 2.3. ఇంత భేదమునకు పరీక్షల తీరు ఒక కారణము, వయస్సు మరియొకటి. ఇటలీ రోగులలో 70 ఏండ్లు, ఆపైబడినవారు నూటికి 37.6 మంది, చైనా రోగులలో 11.9 మంది మాత్రమే. ఒక్కొక్క వయోవర్గమును విడిగా తీసి పోల్చగా, 69 ఏండ్ల వరకు రెండు దేశముల శాతములు దాదాపు సమానముగా ఉన్నవి. వృద్ధులలో మాత్రము ఇటలీ శాతము హెచ్చు. మొత్తము అంకెను చూచి ఇటలీ వైద్యులను నిందించినవారు వయస్సు గడిని తెరచి చూడలేదు.

లవమునకు, హారమునకు కాలము కూడ ఒకటి కాదు. నేడు మరణించినవాడు రెండు వారముల క్రిందట రోగిగా గుర్తింపబడినవాడు. రోగుల మొత్తము వారమునకు రెట్టింపగుచున్నచో, రెండు వారముల క్రిందటి మొత్తము నేటి మొత్తములో నాల్గవవంతే. కాబట్టి నూటికి నలుగురిని చంపు వ్యాధి ఆనాటి పట్టికలో నూటికి ఒకరినే చంపుచున్నట్లు కనబడును. ఉపాధ్యాయుడు నల్లబల్లపై పది నిమిషములలో చేయించదగిన లెక్క ఇది. జర్మనీ శాతము మార్చి నాల్గవ వారములో అర శాతమునకు అటునిటు ఉండెను. జూన్ నాటికి నాలుగు దాటినది. జర్మనీ విరివిగా పరీక్షలు చేసినమాట నిజమే. తొలి రోగులలో పడుచువారు ఎక్కువన్నదియు నిజమే. తక్కినది కాలము చేసిన మాయ.

ఇక లవమును గురించి. హారమును అనుమానించినవారు సైతము లవమును నమ్మిరి. మరణమును లెక్కించుటలో పొరపాటేముండునని వారి ఊహ. బెల్జియం వృద్ధాశ్రమములలో కోవిడ్ అని అనుమానింపబడిన మరణములను, పరీక్ష జరుగకున్నను, లెక్కలో చేర్చినది. బ్రిటన్ మొదట ఆసుపత్రి మరణములనే ప్రకటించినది. తరువాత ఇంగ్లండులో ఎన్నడో వ్యాధి ఉన్నదని తేలినవాడు ఆపై ఏ కారణమున మరణించినను లెక్కకు వచ్చెడివాడు. 2020 ఆగస్టులో 28 దినముల గడువు పెట్టగా బ్రిటన్ మొత్తము 46,706 నుండి 41,329కి దిగినది. ఆ దినమున ఎవరును బ్రదికి రాలేదు. ఊహాన్ నగరములో దీనికి విపర్యయముగా, ఏప్రిల్ 17న ఒక్కసారిగా 1,290 మరణములు చేరినవి.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ లెక్కకు వత్తము. రాష్ట్రములో మొదటి రోగి 2020 మార్చిలో నెల్లూరున, ఇటలీ నుండి తిరిగివచ్చిన విద్యార్థి. ఆగస్టు చివరకు గుర్తింపబడిన రోగులు సుమారు 4 లక్షల 35 వేలు, మరణములు సుమారు 4 వేలు. అనగా శాతము 0.9. ఆ దినములలోనే ప్రభుత్వము రక్తపరీక్షలతో సర్వే జరిపి, రాష్ట్ర జనాభాలో నూటికి 19.7 మందికి అప్పటికే వ్యాధి సోకినట్లు కనుగొన్నది. గుంటూరు జిల్లాలో అది 18.2, ప్రకాశము జిల్లాలో 17.6. ఐదు కోట్ల జనాభాకు ఈ లెక్క దాదాపు కోటి. హారము 4 లక్షలనుండి కోటికి పెరుగగా 0.9 శాతము 0.04 అయినది. ఒకే రాష్ట్రము, ఒకే నెల, అవే మరణములు. జవాబు మాత్రము ఇరువది రెట్లకు పైగా తగ్గినది.

ఇంతటితో సంతసించినవారు తొందరపడిరి. హారమును సరిచేసి లవమును పాతదిగానే ఉంచుట సగము లెక్క. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రముల రోగులను గురించి రమణన్ లక్ష్మీనారాయణ్ ప్రభృతులు 2020లో సైన్స్ పత్రికలో ప్రకటించిన పరిశోధన మిక్కిలి విలువైనది. 84,965 మంది రోగులను, వారితో కలిసిమెలిసిన 5,75,071 మందిని పరిశీలించి, మరణశాతము 5 నుండి 17 ఏండ్లవారిలో 0.05 కాగా 85 ఏండ్లు దాటినవారిలో 16.6 అని చూపినది. దేశముల మొత్తములను పోల్చుటకన్న ఈ పద్ధతి ఎన్నో రెట్లు మేలు. సంపన్న దేశములకంటె ఇచ్చటి రోగులలోను మృతులలోను చిన్న వయస్సువారి పాలు ఎక్కువని కూడ అందు తేలినది. అయితే ఈ విషయమున ఒక సందేహము మిగులును. పల్నాటి పల్లెలోనో కనిగిరి మెట్టలోనో పరీక్ష జరుగకయే ఇంట కన్నుమూసిన ముసలివాడు ఈ పరిశోధనకు చిక్కడు. వృద్ధులు తక్కువగా చనిపోయిరా, తక్కువగా లెక్కింపబడిరా అను ప్రశ్నకు రోగుల జాబితా ఒక్కటే సమాధానమీయజాలదు.

ఇట్టి చిక్కు ఈ జిల్లాలకు క్రొత్త కాదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా నాడు ఒంగోలు గుంటూరు జిల్లాలోనే ఉండెను. గ్రామాధికారి చిట్టాలో అట్టి మరణములు ‘జ్వరము’ అను గడిలో పడెడివి. భారతదేశ మృతులు 60 లక్షలని మొదట అంచనా వేసిరి. సాధారణ సంవత్సరముల మరణములతోను, జనాభా లెక్కలతోను పోల్చి చూచిన తరువాతి పరిశోధకులు కోటి ఇరువది లక్షలనుండి రెండు కోట్ల వరకు చెప్పిరి.

ఆ పాత పద్ధతియే 2021లోను అక్కరకు వచ్చినది. కారణమును విడిచి మొత్తము మరణములను లెక్కించుట ఆ పద్ధతి. జనన మరణ నమోదు ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 2021 మే నెలలో అన్ని కారణములచే నమోదైన మరణములు సుమారు 1 లక్ష 30 వేలు. పూర్వపు సంవత్సరములలో అదే నెల సగటు 27 వేల ప్రాంతమున ఉండెను. ఆ నెలలో ప్రకటింపబడిన కోవిడ్ మరణములు 3 వేలకు లోపు. మిగిలినవన్నియు కోవిడ్ మరణములే అనరాదు. ఆలస్యముగా నమోదైనవి, చికిత్స దొరకక ఇతర వ్యాధులచే చనిపోయినవారివి కొన్ని ఉండవచ్చును. కాని అంతటి భేదమును అవి పూడ్చునని నమ్ముట కష్టము.

పోల్చదలచిన విద్యార్థికి మరొక చిక్కు. 2022 ఏప్రిల్‌లో గుంటూరు జిల్లా మూడుగా విడిపోయినది; ప్రకాశమునుండి కొంత బాపట్లకు, కందుకూరు ప్రాంతము నెల్లూరునకు పోయినవి. 2020 నాటి గుంటూరు అంకెను నేటి గుంటూరు జనాభాతో భాగించినచో వచ్చునది ఏ గుంటూరుదియు కాదు.

లవమునకు నిర్వచనము చెప్పుట పండితుల వాదము మాత్రమే కాదు. సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఆమోదించిన నియమములనుబట్టి, వ్యాధి నిర్ధారణయైన 30 దినములలో మరణించినవాని కుటుంబమునకు, మరణము ఆసుపత్రి వెలుపల జరిగినను, 50 వేల రూపాయలు ఇయ్యవలెను. 2022 జనవరి నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అందిన దరఖాస్తులు సుమారు 36 వేలు. అప్పటికి ప్రకటింపబడిన మరణములు 15 వేలలోపు. సొమ్ము అందిన కుటుంబములు దాదాపు 11 వేలు.